పచ్చది నొక్కితే

బాలానగర్,
జూన్ 9.

చిరంజీవి ఉమాశ్రీకి, సంతోషం పట్టలేక నాయన రంగనాథ్ రాసేది.

నీ ఉత్తరం గురువారం అందింది తల్లీ. నాలుగుసార్లు చదువుకున్నాను. మీ అమ్మకు రెండుసార్లు వినిపిస్తే, రెండోసారి సగంలోనే లేచింది. "చెవుడు నీకా నాకా? ఒకసారి చెప్తే వినపడదా?" అని వంటింట్లోకి పోయింది. ముప్పై నాలుగేండ్లు రేకులు కొట్టే పవర్ ప్రెస్సుల నడుమ నిలబడి వాటి బటన్ల కంట్రోల్ ప్యానెళ్లు బిగించిన చెవులు నావి. ఫోనులో నీ గొంతు ఈగ ముసిరినట్టు ఉంటుంది గాని మాట తెలీదు. అందుకే నీకీ ఉత్తరాల తిప్పలు. గోపన్‌పల్లిలో బస్సెక్కితే నువ్వు రెండు గంటల్లో వస్తావు, ఉత్తరానికి మూడు రోజులు పడుతుంది. అయినా ప్రతిసారీ ముందొచ్చేది ఉత్తరమే.

అది వదిలెయ్. ఈసారి నువ్వు నన్నొక పని అడిగినావు! ఇరవై ఎనిమిదేండ్లకు మొదటిసారి. పదో తరగతి తప్పినోణ్ణి, నన్ను పుస్తకం వెతకమన్నావు. కంప్యూటర్లోనూ ఫోన్లోనూ కనబడే పేజీలను మనిషి ముట్టుకోగానే పలికేటట్టు ఎట్లా గీయాలో చూపించే పుస్తకం, బొమ్మలున్నది. ఆ మాట చదివి నేను వాకిట్లో నిలబడి నవ్వుతుంటే పక్కింటివాళ్లు తొంగి చూసినారు.

నవ్వు వెనకే మంట కూడా పుట్టింది. మీ టీమ్ పెద్ద ఆదర్శ్ నీ పేజీ చూసి "రేషన్ కార్డు ఫారంలా ఉంది, ఎక్కడన్నా ఇన్‌స్పిరేషన్ తెచ్చుకో" అన్నాడా? ఆ ఫారం నింపి బతికినోళ్లం మనం. అందులో ఏ గడి ఎందుకుందో ఆయనకు తెలుసునా? ఎదురుగా ఉంటే అడిగేవాణ్ణి.

నిన్న ఆదివారం కోఠీ ఫుట్‌పాత్ మీద పొద్దున తొమ్మిదికి దిగినాను. పుస్తకాలాయన "జర మెల్లగ మాట్లాడు పెద్దాయనా, బజారంత ఇటే జూస్తుంది" అని సైగ చేసి, ఇటుకల్లాంటి పుస్తకాలు నాలుగు ముందేసినాడు. ఒక్క బొమ్మ లేదు.

"చదివేది నువ్వా, నీ బిడ్డనా?" అన్నాడు.

"చదివేది బిడ్డ. ఏరేది నేను."

"ఇంగ్లీషు వస్తదా మరి?"

"రాదు. చెయ్యి వస్తుంది."

నిజమే చెప్పినాను. పేజీ తెరిచి బొమ్మ మీద నా బొటనవేలు పెట్టి చూసినాను. ఎక్కడ నొక్కాలో వేలికి దానంతట అదే తెలిస్తే ఆ పుస్తకం నీకు పనికొస్తుందని లెక్క. అట్లా ఒక లిఫ్టు కంపెనీ కేటలాగు, ఒక పాత రైళ్ల టైంటేబుల్ దొరికినాయి. నవ్వొద్దు, ఆ టైంటేబుల్‌లో గడులు చూడు, లక్షమంది చూసినా తప్పిపోరు. మూడోది విదేశీ పుస్తకం. నున్నటి కాగితం, పేజీపేజీకి ఫోను తెరలే. దాని ముందు నా బొటనవేలు దిక్కులు చూసింది గాని, ఎంత అందం! గుండెకు ఆనించుకొని బస్సెక్కినాను. మూడూ పార్సిల్ చేసినాను.

ఆయనకు చూపించు. రేషన్ కార్డంట!

మీ నాయన
రంగనాథ్


గోపన్‌పల్లి,
జూన్ 17.

నాయనా,

కోపంగా రాస్తున్నాను, ముందే చెప్తున్నాను.

హాస్టల్ అడ్రస్ ఇచ్చాను కదా, పార్సిల్ హైటెక్ సిటీ ఆఫీసుకి ఎందుకు పంపావు? గోనెసంచి, దాని మీద పురికొస, దాని మీద ఎర్ర సిరాతో "మా పాప ఉమాశ్రీకి". రిసెప్షన్ నుంచి అందరూ చూస్తుండగా మోసుకొచ్చుకున్నాను. ఆదర్శ్ నా బల్ల దగ్గరే నిలబడి విప్పించాడు. మొదట లిఫ్టు కేటలాగు. తర్వాత రైళ్ల టైంటేబుల్, అదీ పదేళ్ల కిందటిది. "మీ డాడీ మన టీమ్‌ని కాచిగూడ స్టేషన్‌కి పంపిస్తున్నారా?" అన్నాడు. మా టీమ్‌లోని మౌనిక నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడ్చేదాన్ని. ఇక్కడందరూ పెద్ద పెద్ద డిజైన్ కాలేజీల నుంచి వచ్చారు, నేనొక్కదాన్నే బాలానగర్ నుంచి వచ్చాను. ఆ సంగతి వాళ్లకు రోజూ గుర్తు చేయాలా నాయనా?

మూడోది మాత్రం అద్భుతం. దాన్ని తెరవగానే ఆదర్శ్ కూడా నోరు మూశాడు. ఇంటర్నెట్‌లో నెల రోజులుగా చూసినవే చూసి కళ్లు కాయలు కాశాయి. ఈ పుస్తకంలోవి ఇక్కడెవరూ చూడలేదు. ఒక పేజీలో తెల్లటి తెర మీద రెండే రెండు గుండ్రటి బటన్లు. ఒకటి పగడం రంగు, ఒకటి లేతాకు రంగు. ముట్టుకుంటే నీటి చుక్కలా సాగుతాయట. గీతల్లేవు, గడుల్లేవు. దాన్నే తీసుకుంటున్నాను.

నా పని సంగతి ఎప్పుడూ అడుగుతావు కదా, విను. డయాలసిస్ సెంటర్లకు పేజీ చేస్తున్నాం. కిడ్నీ జబ్బున్నవాళ్లకు వారంలో రెండు రోజులు ఫలానా గంటకు మెషీన్ మీద చోటు ఉంటుంది. ముందు రోజు ఫోనుకి మెసేజ్ వస్తుంది, రేపు వస్తారా అని. వస్తాను, రాను, రెండే బటన్లు. రానంటే వాళ్ల చోటు వరసలో కాచుకున్న ఇంకొకరికి పోతుంది. పగడం రంగుని కొంచెం ముదురు ఎరుపు చేస్తే ఆ హాస్పిటల్ వాళ్ల రంగుకి సరిపోతుంది.

ఇక వెతకొద్దు. నాకు కావలసింది దొరికింది. కేటలాగు, టైంటేబుల్ తిరిగి పంపుతున్నాను. నీ బొటనవేలి పరీక్ష ఇక్కడ నడవదు.

ఉమ


బాలానగర్,
ఆగస్టు 12.

మా ఇంటి దీపం, బంగారు తల్లి ఉమాశ్రీకి,

బహుమతి! ఉమా, బహుమతి! గాజుపలక మీద నీ పేరు చెక్కి ఇచ్చినారంట, ఫోటోలో చూసినాను. జూన్‌లో నువ్వు రాసిన మాటలకు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు మూడు పూటలవి ఒక్కసారే తిన్నాను. నేను తెచ్చిన పుస్తకంలోంచి నువ్వు తీసుకున్న పేజీకి బహుమతి! మీ అమ్మ "పుస్తకం కొన్నోడికి కాదయ్యా, గీసినదానికి ఇచ్చినారు" అంటుంది. కడుపుమంట ఆమెకు. పార్సిలు విప్పి నవ్విన ఆ ఆదర్శ్ ఇప్పుడేమంటాడు? ఆ గాజుపలకతోనే ఆయన నెత్తి మీద ఒకటి మొట్టాలని ఉంది.

ఇంతకంటే పెద్ద మాట చెప్తాను విను. నీ పేజీ మన వీధికొచ్చింది! పోచయ్య పోయే డయాలసిస్ సెంటర్లో మొన్నటి నుంచి నీ పేజీయేనంట. పోచయ్య నీకు తెలుసు, నేను ప్యానెల్ బిగించిన ప్రెస్సు మీద ఇరవై ఏండ్లు పనిచేసినోడు, చిన్నప్పుడు నిన్ను సైకిలు మీద బడికి తీసుకుపోయిన మామ. రెండేండ్లుగా మంగళవారం, శుక్రవారం పొద్దున ఏడుకు పోయి నాలుగు గంటలు మెషీన్ మీద పడుకొని వస్తాడు. ఇంతకు ముందు నర్సమ్మ నోటితో అడిగి టిక్కు పెట్టుకునేది. ఇక వచ్చే శుక్రవారం నుంచి ఆయన ఫోనులో నొక్కాలి. మామకు ఫోను ముట్టాలంటే భయం.

"ఏంది రంగన్నా గిది, ఏడ నొక్కాలె, ఏమైతదో ఏమో" అన్నాడు.

"నా బిడ్డ గీసింది. నేనుండగా నీకేం ఫికర్?" అన్నాను.

వచ్చే గురువారం టీ కొట్టు దగ్గర అందరి ముందర చేసి చూపిస్తాను. నీ పేజీని నా కండ్లతో చూడబోతున్నాను తల్లీ. ఈ ముసలోడికి ఇంకేం కావాల?

నీ నాయన
రంగనాథ్


బాలానగర్,
ఆగస్టు 26.

ఉమాశ్రీకి,

దీవెనలు ఈసారి రాయను.

శుక్రవారం పొద్దున పోచయ్య ఏడుకు సెంటరుకు పోయినాడు. గేటు దగ్గర గార్డు "నీ పేరు లేదు పెద్దాయనా, నిన్న నువ్వే రానన్నవు" అని నిలబెట్టినాడు. ఆయన చోట్లో ఇంకెవరో పడుకొని ఉన్నారు. పదకొండు దాకా మెట్ల మీద కూర్చొని ఇంటికొచ్చినాడు. శనివారానికి కాళ్లు అరటిబోదెలైనాయి. ఆదివారం ఊపిరి అందక నోరు తెరిచినాడు. ప్రభుత్వ దవాఖానకు ఆటోలో వేసుకొని పోయినాము. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఇంకో రెండు గంటలైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు డాక్టరు. ఈ మాట నాకు చీటీ మీద రాసి చూపించినాడు. ఆ చీటీ నా దగ్గరే ఉంది.

బతికినాడు. కాని మంగళ, శుక్రవారాల చోటు పోయింది. వరసలో పదిహేడో నంబరంట ఇప్పుడు. డయాలసిస్‌కు వరస ఏమిటే? పదహారుమంది ముందర చావాల్నా?

పోచయ్య వస్తానని నొక్కితే నీ పేజీ రానని రాసుకుంది. ఎట్లా రాసుకుందో నేను చూసినాను. వస్తాను అనేది ఎర్రది. రాను అనేది పచ్చది. ఎర్రదా వస్తాననేది? ఏ లోకంలో? ప్రపంచంలో ఏ మెషీను ముందరికన్నా పో, ఎర్రది నొక్కితే ఆగుతుంది, పచ్చది నొక్కితే నడుస్తుంది. నీ పేజీలో పచ్చది నొక్కితే మనిషి ఆగిపోయినాడు! కింద అక్షరాలున్నాయి గదా అంటావేమో. చీమకాళ్లంత ఉన్నాయి, బూడిద రంగు, అదీ ఇంగ్లీషు.

నేను చేసిన ప్యానెళ్లు నాలుగొందల పైచిలుకు. ఒక్కటీ పరీక్ష కాకుండా గేటు దాటలేదు. ఆ మెషీను మీద పని చేయబోయే మనిషినే పిలిచి కండ్లకు గుడ్డ కట్టేవాణ్ణి. "ఆపు" అని అరిచేవాణ్ణి. చెయ్యి తడుముకోకుండా ఎర్ర బటన్ మీద పడిందా, ప్యానెల్ పోతుంది. తడుముకుందా, మళ్లీ విప్పుడే. ఓనర్లు తిట్టేవాళ్లు, పొద్దుపోతుందనేవాళ్లు. విప్పేవాణ్ణి. నువ్వు ఎవరిని కూర్చోబెట్టి చూసినావు? ఒక్క రోగిని చూసినావా? ఒక్కణ్ణి?

పోచయ్యకు ఆయన మంగళవారం ఆయనకు ఇప్పించు. ఆ తర్వాతనే నాతో మాట్లాడు.

రంగనాథ్


గోపన్‌పల్లి,
ఆగస్టు 31.

శ్రీ రంగనాథ్ గారికి,

మామ విషయం రెండుసార్లు చదివాను. అయినా కొన్ని మాటలు చెప్పక తప్పదు.

ఎరుపు హాస్పిటల్ వాళ్ల రంగు. నేను కనిపెట్టింది కాదు. పదకొండుమంది చూసి సంతకం పెట్టాకే పేజీ బయటికి వెళ్లింది. రాను అని నొక్కగానే అయిపోదు, ఖాయమేనా అని మళ్లీ అడుగుతుంది. మళ్లీ నొక్కితేనే చోటు పోతుంది. అంటే రెండుసార్లు నొక్కారు, చదవకుండానే. రోగుల్ని కూర్చోబెట్టి చూడమని మీరంటున్నారు. నాకిచ్చింది ఐదు వారాలు. మీ ఓనర్లు తిట్టి ఊరుకునేవాళ్లు, ఇక్కడ తీసేస్తారు.

వరస విషయం సెంటర్ వాళ్లతో మాట్లాడుతున్నాను. మామని ప్రస్తుతానికి ఇంకో బ్రాంచిలో సర్దుతామన్నారు, సాయంత్రాలు. వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను, అది కచ్చితంగా జరుగుతుంది. పాత చోటు మాత్రం నా చేతిలో లేదు.

ఇంకొకటి. ఎవరు ఎప్పుడు నొక్కారో ఆఫీసులో నమోదవుతుంది. అది తీసి చూశాను. మామకొచ్చిన మెసేజ్‌ని ఆయన తన ఫోన్‌లో తెరవలేదు. వేరే నంబరుకి పంపారు. అక్కడ తెరిచారు. గురువారం సాయంత్రం ఐదూ పదికి పచ్చది ఒకసారి, మూడు సెకన్లకి ఇంకోసారి. ఆ నంబరు నాకు ఒకటో తరగతి నుంచీ కంఠస్థం.

పోచయ్య మామ నొక్కాడని రాశారు. ఎవరు నొక్కారు నాయనా?

ఉమాశ్రీ


బాలానగర్,
సెప్టెంబర్ 4.

ఉమా,

నేనే నొక్కినాను.

టీ కొట్టు దగ్గర ఏడెనిమిదిమంది ఉన్నారు. పోచయ్య ఫోను తెర పగిలి ఉందని, మెసేజ్ నా ఫోనుకు పంపించుకున్నాను. పేజీ తెరుచుకుంది. తెల్లగా, నిర్మలంగా, మధ్యలో రెండు చుక్కలు. "చూడండ్రా, నా బిడ్డ చేతిపని" అని అందరికీ తిప్పి చూపించినాను. పోచయ్య "జర ఆగు రంగన్నా, అద్దాలు వెట్టుకో" అన్నాడు, అన్నాడంట, నాకు వినపడలేదు. పచ్చది నొక్కినాను. నీటిచుక్కలాగ సాగింది, నువ్వు రాసినట్టే. మళ్లీ ఏదో వచ్చింది. నాకు నమస్కారం పెట్టిందనుకున్నాను. మళ్లీ పచ్చది నొక్కినాను. చప్పట్లు కొట్టినారు. నేను కూడా కొట్టినాను.

దవాఖానలో పోచయ్య ముక్కుకు గొట్టం పెట్టుకొని "నేనేమన్న తప్పు జేసిన్నా అన్నా?" అని పలక మీద రాయించి అడిగినాడు. పలక తుడిచి పక్కన పెట్టినాను. పది రోజులు ఆయన తప్పని ఆయన్నే అనుకోనిచ్చినాను. నీకు కూడా అట్లే రాసినాను. నలభై ఏండ్ల స్నేహం మాది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల.

నీ ఉత్తరం వచ్చిన రోజే పోయి చెప్పినాను. ఆయన భార్య తలుపు దగ్గరే నిలబడి "నీకు ముసలితనమొచ్చి ఎచ్చులెక్కువైనయి" అని ఎన్ని మాటలనిందో, ఆమె నోరు చూస్తేనే తెలిసింది.  తర్వాత పోచయ్య పలికిందంతా మీ అమ్మ నాకు రాసిచ్చింది. ఆయన మాట ఆయన మాటగానే పెడుతున్నాను.

"నువ్వు నొక్కినవని గుస్స లేదంటే అబద్ధం. శాన ఉంది. గని రంగన్నా, ప్యానెళ్లు జేసినోనివి, బిడ్డ గీసిన పేజీ అని కండ్ల కద్దుకున్నోనివి, నువ్వే తప్పు నొక్కితివి. మరి గా సెంటర్ల నా అసొంటోళ్లు ఎందరు నొక్కిన్రో? పోయి నీ బిడ్డనడుగు. నా ఒక్కని చోటు కోసం కొట్లాడకున్రి."

అడుగుతున్నాను ఉమా. ఎందరు?

నా మీద నీకెంత కోపమన్నా ఉండనీ. ఈ ఒక్కదానికి జవాబు రాయి.

రంగనాథ్


గోపన్‌పల్లి,
సెప్టెంబర్ 9.

నాయనా,

నలభై మూడు మంది.

రాను అని నొక్కి, మర్నాడు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడ్డవాళ్లు. రానన్నవాళ్లు ఎందుకొస్తారు? ఇది చిన్న పిల్లకైనా తెలుస్తుంది. పేజీ ముందుగా మొదలైన సెంటర్ల వాళ్లు గార్డు పుస్తకంలోంచి లెక్క తీసి ఆగస్టు మొదటి వారంలోనే మెయిల్ పెట్టారు. అప్పటికి పదమూడు మంది. ఆ మెయిల్ నాకొచ్చింది. చదివాను. మూసేశాను.

నువ్వు నిజం దాచింది పది రోజులు. నేను దాచింది నెల. మామ నొక్కాడని నువ్వు రాసిన ఉత్తరం చూసి నీ మీద అంత ఎగిరిపడ్డానే, ఆ రోజుకే నా సొరుగులో ఆ మెయిల్ ప్రింటు ఉంది.

ఎందుకు మూసేశానో కూడా రాస్తాను, సగం చెప్పి వదిలేసే ఓపిక లేదు. చోట్లు ఖాళీ అయితే ఆఫీసులో గ్రాఫు పైకి లేస్తుంది. "చూడండి, రానివాళ్లు ఎంత సులువుగా చెప్పేస్తున్నారో, పాత పద్ధతిలో ఇది లేదు" అని ఆదర్శ్ పెద్దవాళ్లకు చూపించాడు. గాజుపలక దానికే ఇచ్చారు. అక్టోబర్‌లో నాకు ప్రమోషన్ అన్నారు. వేదిక మీద నిలబడి చప్పట్లు వింటూ పదమూడు, పదమూడు అని లెక్కపెట్టుకున్నాను. దిగి వచ్చి కేక్ తిన్నాను.

నిన్న ఆ పుస్తకం మళ్లీ తీసి చూశాను. ఆ రెండు చుక్కల పేజీ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, అది ఎవరి కోసం చేశారో. జూన్‌లోనే చదివాను, పట్టించుకోలేదు. అది ఒక పూల దుకాణం పేజీ నాయనా. రేపు పూలు పంపాలా వద్దా. పూలు రాకపోతే ఎవరికీ ఊపిరాడకుండా పోదు.

నీ మీద కోపమొచ్చింది, ఎందుకు తెచ్చావీ పుస్తకం అని. గోడకేసి కొట్టాను కూడా. తర్వాత సిగ్గేసింది. పుస్తకం ఏం చేస్తుంది? పూల కోసం గీసినదాన్ని రక్తం కోసం పెట్టింది నేను.

సోమవారం మీటింగు ఉంది. అందరి ముందూ చెప్తాను. ఏమవుతుందో తెలీదు.

ఉమ


గోపన్‌పల్లి,
సెప్టెంబర్ 20.

నాయనా,

ముందు మామ సంగతి. మంగళ, శుక్రవారాలు, పొద్దున ఏడు. ఆయన చోటు ఆయనకొచ్చింది. ఈలోగా ఆ చోట్లలో చేరినవాళ్లను వెళ్లగొట్టకుండా, వాళ్ల కోసం సెంటర్ వాళ్లు మధ్యాహ్నం ఇంకో విడత మొదలుపెట్టారు.

సోమవారం చెప్పాను. గది చల్లగా ఉంది. ఆదర్శ్ "మంచి పాయింట్ ఉమాశ్రీ, వచ్చే నెల పనుల్లో చేర్చుకుందాం" అన్నాడు. వచ్చే నెల! నాకేం పూనిందో, బల్ల మీద చరిచాను. అతని కాఫీ ఒలికింది. "వచ్చే నెల వరకు ఊపిరి బిగబట్టుకోమని నువ్వే ఫోన్ చేసి చెప్పు వాళ్లకు. నంబర్లు నేనిస్తాను" అన్నాను. మౌనిక నా చెయ్యి పట్టుకుంది. విదిలించాను.

"నువ్వు ఎమోషనల్ అవుతున్నావు" అన్నాడు.

"అవును. నాతో రా, నువ్వూ అవుతావు."

మంగళవారం లాక్కెళ్లాను. పడకల మధ్య రెండు స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. కనకలక్ష్మి గారని ఒకామె, అమ్మ వయసే, కుడిచేతికి సూదులు, గొట్టాలు, చెయ్యి కదపకూడదు. ఒంట్లో నీరు ఎక్కువుందని ఆమెను మర్నాడు కూడా రమ్మన్నారట, అప్పుడే ఆ మెసేజ్ వచ్చింది. ఎడంచేత్తో ఫోను పొట్ట మీద పెట్టుకుని, ఎడం బొటనవేలు ఎంతవరకు అందుతుందో అక్కడ నొక్కింది. అక్కడున్నది పచ్చది. నొక్కి, మమ్మల్ని చూసి నవ్వింది. "వస్తున్నానని చెప్పేశానండీ" అంది.

ఆదర్శ్ లేచి నిలబడ్డాడు. నర్సు పరుగున వచ్చి ఆమెను రెండోసారి నొక్కకుండా ఆపింది. ఒక చేతికి సూదులుండగా ఇంకో చేత్తో మనుషులు ఫోను పట్టుకుంటారని ఐదు వారాల్లో మా ఇద్దరికీ తట్టలేదు. అతను బయటికి వెళ్లి, గేటు దగ్గర గార్డు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు సాయంత్రానికి పేజీ మార్చారు. ఇప్పుడు వస్తాను అనేది తెర నిండా ఉంది, తెలుగులో. రాను అనాలంటే నర్సుకి ఫోన్ కలుస్తుంది, మనిషితో చెప్పాలి. చూడ్డానికి రేషన్ కార్డులా ఉంది.

గాజుపలక వెనక్కిచ్చాను. ప్రమోషన్ మౌనికకి పోయింది. హాస్పిటళ్ల పని నుంచి నన్ను తప్పించారు. తిట్టలేదు, నవ్వుతూ తప్పించారు. తిట్టి ఉంటే బాగుండేది.

మామ కాక మిగతా నలభై రెండు మందికీ నేనే ఫోన్ చేశాను. నలభై ఒక్కరికి చోట్లు సర్దారు. కొందరు తిట్టారు, ఒకాయన అరగంట తిట్టాడు. నలభై రెండో నంబరు హఫీజ్‌పేట్‌లో. కోడలు తీసింది. "మా అత్త ఆగస్టు పంతొమ్మిదిన పోయింది" అంది. ఎవరు మాట్లాడేది అని అడిగింది. నేను పెట్టేశాను నాయనా. పేరు చెప్పకుండా పెట్టేశాను.

ఆ వారం ఆమె పచ్చది నొక్కింది. ఆఫీసులో అంటున్నారు, ముందే చాలా జబ్బుగా ఉందట, పేజీ వల్లనే అని చెప్పలేమట. కావచ్చు. కాకపోవచ్చు. నాకెవరి మీద అరవాలో తెలీడం లేదు.

ఉమ


బాలానగర్,
సెప్టెంబర్ 24.

చిరంజీవి ఉమాశ్రీకి, నాయన మనసారా దీవించి రాసేది.

నువ్వు బల్ల చరిచినావన్న వాక్యం దగ్గర ఆగిపోయినాను. మీ అమ్మను పిలిచి చదివి వినిపించినాను, మళ్లీ వినిపించినాను. ఈసారి ఆమె లేచిపోలేదు. "ఇంకోసారి చదువు" అని తనే అడిగింది. బహుమతి వచ్చినప్పుడు ఎగిరినదానికి నూరంతలు ఎగిరింది గుండె. గాజుపలక ఇచ్చేసినావా! ఆ మాట చెప్పుకోవడానికి మళ్లీ టీ కొట్టుకు పోయినాను. పోయి, చెప్పకుండా టీ తాగి వచ్చేసినాను. ఈ సంతోషం ఊరికి చెప్పుకునేది కాదు.

చివరి పేరా చదివినాక ఆ సంతోషానికి సిగ్గుపడినాను. సిగ్గుపడినా పోలేదు. రెండూ ఉన్నాయి, ఏం చేసేది?

పోచయ్య మంగళవారం పోయి వచ్చినాడు. తెర నిండా తెలుగు చూసి తనే నొక్కినాడు. నన్ను ముట్టనివ్వలేదు. "నువ్వు దూరముండు" అన్నాడు. ఆయన భార్య ఇంకా నాతో మాట్లాడలేదు. మాట్లాడనక్కర్లేదు.

నీ మీద నా కోపం తీరలేదు ఉమా, దాచిపెట్టుకోను. పదమూడు అని తెలిసి కేకు తిన్నావే, ఆ ముక్క నాకు గొంతులో అడ్డం పడి ఉంది. నీకు నా మీద కూడా తీరి ఉండదు. మంచిది. తీరేదాకా కాచుకోవద్దు. కోపం చల్లారితే మనిషి తన పనిలో తాను పడిపోతాడు, పోవాల్సిన చోటికి పోడు. ఉన్నప్పుడే రా.

ఎందుకంటే హఫీజ్‌పేట్‌లో ఆ ఇంటికి మనం పోవాల. పేజీ వల్లనా, జబ్బు వల్లనా అని ఆఫీసువాళ్లు చెప్పలేమంటే చెప్పకపోనీ. ఆ తల్లి గేటు దాకా వచ్చి నిలబడింది. అది మనకు తెలుసు, ఆ ఇంటివాళ్లకు తెలీదు. పెద్దామె తనే రానందనుకొని ఉంటారు. కోడలు ఆమెనే తప్పు పడుతుందేమో. పోచయ్యను నేను పది రోజులు అట్లా అనుకోనిచ్చినాను. చచ్చిపోయిన మనిషి గురించి ఇంటివాళ్లను ఎప్పటికీ అట్లా అనుకోనివ్వొద్దు.

ఆదివారం పది గంటలకు హఫీజ్‌పేట్ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి ఉంటాను. పండ్లూ గిండ్లూ తేవద్దు. మీ ఆఫీసు పేరు వెనక దాక్కోవద్దు. నీ పేరు నువ్వు చెప్పు, ఎంతమంది సంతకం పెట్టినారో ఆ లెక్క అక్కడ వద్దు. వాళ్లు తిడితే మధ్యలో మాట్లాడొద్దు.

తలుపు మూసేస్తే వచ్చే ఆదివారం మళ్లీ పోదాం.

నాయన
రంగనాథ్